మనదేనంట

గ్లాస్గోలో మేముండేది మూడో అంతస్తు ఫ్లాట్. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను కేర్ హోమ్‌లో ముసలివాళ్లకు స్నానాలు చేయించి, అన్నం తినిపించే పనిలో ఉన్నాను. పెళ్లయి చాలా ఏళ్లయినా మాకు పిల్లల్లేరు. పరీక్షలు చేస్తే లోపం ఆయన వైపు కొంత ఉందని తేలింది. అయినా ఆశ వదులుకోనక్కర్లేదని డాక్టరు చెప్పింది. ఆ సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. గుంటూరు నుంచి ఎవరు ఫోన్ చేసి విశేషమేమైనా ఉందా అని అడిగినా తల దించుకోవాల్సింది నేనే.

ఒక వేసవిలో ఆయన చెల్లెలి పెళ్లి కుదిరింది. నా వీసా పొడిగింపు ఇంకా చేతికి రాలేదు. అది వచ్చేదాకా నేను దేశం దాటడానికి వీల్లేదు. ఆయన ఒక్కరే వెళ్లి, నెల దాటాక వచ్చారు. వచ్చిన కొన్నాళ్లకే నాకు నెల తప్పింది. ఆ ఉదయం ఆయన నా భుజం మీద తల ఆనించి ఏడ్చారు. ఆఫీసుకు సెలవు పెట్టి, రోజంతా నా వెనకాలే తిరిగారు. మా కాపురంలో అంత మంచి రోజు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

మొదటి స్కాన్‌కి ఇద్దరం వెళ్లాం. తెర మీద బిడ్డ కాళ్లు ఝాడిస్తుంటే నేను నవ్వు ఆపుకోలేకపోయాను. స్కాన్ చేసినావిడ ఎన్ని వారాలో చెప్పింది. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ఫోన్‌లో క్యాలెండర్ ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చున్నారు. ఇల్లు చేరి, కోటు కూడా విప్పకుండా అడిగారు.

"ఆవిడ చెప్పిన వారాలు వెనక్కి లెక్కేస్తే నేను గుంటూర్లో ఉన్నప్పటికి పోతందే?"

"లెక్క పెట్టేది ఆఖరిసారి బయటున్నప్పటి నుంచండీ, కడుపు నిలిచిన రోజు నుంచి కాదు. మిడ్‌వైఫ్ మొన్న చెప్పింది కదా."

"నాలుగు రోజులు అటూ ఇటూ అవ్వచ్చని ఈవిడ కూడా చెప్పింది."

"అయితే?"

"అయితే ఏం లేదులే."

ఏం లేదన్న ఆ మాట వారం రోజులు మా ఇంట్లో తిరిగింది. ఆయన టీ పెట్టి ఇచ్చేవారు, కానీ నా మొహం చూసేవారు కాదు. నేను షిఫ్ట్ నుంచి వస్తే ఇంత ఆలస్యమెందుకని అడగకుండా గోడ గడియారం వైపు చూసేవారు. చివరికి నేనే అడిగాను.

"ఎవరని మీ అనుమానం?"

"నాకెట్టా తెలుస్తది? నేనిక్కడ లేనుగా."

ఎవరో ఒకరి పేరు చెప్పి ఉంటే పోట్లాడేదాన్ని. మొహమే లేని మనిషితో ఎలా పోట్లాడను?

మర్నాడు ఆయనే నెమ్మదిగా, ఒంట్లో బాగాలేని మనిషికి నచ్చజెప్పినట్టు చెప్పారు. "ఇప్పుడు పుట్టిందాకా ఆగక్కర్లేదంట. బిడ్డ డీఎన్ఏ కొంచెం తల్లి రక్తంలో కలుస్తదంట. నీ చేతి నుంచి రక్తం, నా బుగ్గ లోపల పుల్లతో తీసింది ఇస్తే చాలు. బిడ్డకేం కాదు. ఒక్కసారి చేయించుకుంటే నా మనసు కుదుటపడిద్ది. నీక్కూడా మంచిదేగా?"

మా నాన్న బతికి ఉంటే ఆయనకు ఫోన్ చేసేదాన్నేమో. అమ్మకి చేశాను. అమ్మ అంతా వింది. తర్వాత, "నీలో తప్పు లేనప్పుడు భయమెందుకే? చేయించుకో. నోరు మూతబడిద్ది" అంది. భయం కాదమ్మా అని చెప్పబోయాను. భయం కాకపోతే అది ఏమిటో చెప్పడానికి మాట దొరకలేదు.

అది ప్రైవేటు క్లినిక్. అక్కడి నర్సు పెద్దావిడ. ముందు ఆయనను బయట కూర్చోమని, తలుపు వేసింది. ఈ ఊళ్లో ఆడవాళ్లని ఆప్యాయంగా హెన్ అంటారు. "హెన్, ఇది నువ్వు కోరుకున్నదేనా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా? నువ్వు వద్దంటే ఇది ఇక్కడితో ఆగిపోతుంది. కారణం కూడా చెప్పక్కర్లేదు" అంది. అంత దయగా నాతో ఎవరైనా మాట్లాడి చాలా రోజులైంది. వద్దన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ వద్దంటే ఏమవుతుంది? తలుపు అవతల ఉన్న మనిషి, చూశావా, ఒప్పుకోలేదు అంటాడు. ఇక నా బిడ్డ ఎంత పెద్దదైనా ఆ మాట కిందే పెరగాలి. నేనే కోరుకున్నానని చెప్పి చెయ్యి చాపాను. ఆవిడ నా మొహం చూసింది. నమ్మలేదు. అయినా సూది గుచ్చింది.

ఫలితం రావడానికి పట్టిన రోజుల్లో నేను బిడ్డతో మాట్లాడటం మానేశాను. అంతకుముందు కూర కలుపుతూ, బస్సులో కూర్చుని ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు కడుపు మీద చెయ్యి వేసుకుంటే, ఇంకెవరిదో వస్తువు దాచిపెట్టినట్టు అనిపించేది.

ఒక శనివారం మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా ఆయన ఫోన్‌కి మెయిల్ వచ్చింది. పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్ల నిండా నీళ్లు.

"నాదే! అనవసరంగా నిన్ను బాధపెట్టా."

"కాదని వచ్చి ఉంటే ఏం చేసేవాడివి?"

పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. ఆయన గమనించలేదు.

"రాలేదుగా! ఇంకా ఎందుకా మాట?" అంటూ ముందుగదిలోకి వెళ్లి ఫోన్ చేశారు. తలుపు తీసే ఉంది.

"అమ్మా... వచ్చింది. మనదేనంట."

అంటే అత్తయ్యకు తెలుసు. రోజూ ఫోన్‌లో ఆవిడ నన్ను వేవిళ్లు తగ్గాయా, పుల్లగా ఏమైనా తిన్నావా అని అడుగుతూనే ఉంది. అలా అడుగుతూనే ఈ కబురు కోసం ఎదురుచూసింది. స్టవ్ ఆపేసి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆయన వచ్చి కళ్లు తిరిగాయా అని అడిగి, మంచినీళ్లు ఇచ్చారు. సాయంత్రం టేక్‌అవే నుంచి బిర్యానీ తెచ్చి, వేడుకలాగా ప్లేట్లు సర్దారు. నేను తిన్నాను.

పాప పుట్టింది. ఆయన కళ్లు, ఆయన గడ్డం, చెవులు కూడా ఆయనవే. చూడవచ్చిన ఇక్కడి తెలుగు అంకుల్స్, ఆంటీలు ఒక్కరూ తప్పకుండా "అచ్చం నాన్న పోలికే" అన్నారు. వాళ్లు మంచి మనసుతోనే అన్నారు. వింటున్న ప్రతిసారీ నన్ను బోనులో నిలబెట్టి, విడుదల చేసినట్టుండేది. ఆయన మంచి తండ్రి. పాపకు ఆయనే జడ వేస్తారు, నర్సరీకి ఆయనే దింపుతారు. ఆయన మీద ఎవరికైనా ఫిర్యాదు చేయాలంటే నా దగ్గర ఏమీ లేదు.

నేను చిన్న గదిలో పాపతో పడుకుంటాను. పాప నిద్రలో కదులుతుందని, అందుకే అని ఇద్దరం అనుకుంటాం.

మొన్న చలికాలంలో, ఆయన ఉద్యోగంతో సంబంధం లేకుండా ఇక్కడే స్థిరంగా ఉండే వీసా వచ్చాక, ఆయనతో చెప్పాను. "నేను వేరే ఫ్లాట్ చూసుకుంటాను."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. లాప్‌టాప్ మూసి, "ఎందుకు? నేనేం చేశాను?" అన్నారు.

"ఆ టెస్ట్."

"ఏ టెస్ట్?" అన్నారు. కాసేపటికి గుర్తొచ్చింది. "ఓ, అదా! అది ఎప్పటి మాట! మంచిగానే వచ్చింది కదే?"

పాప ఇద్దరి మొహాలూ చూసి, "మమ్మీ, ఆర్ యూ క్రాస్ విత్ డాడీ?" అంది. కోపం లేదన్నాను. నేను ఇంకా ఏ ఫ్లాటూ చూడలేదు. ఒక ఆదివారం ఒకటి చూద్దామని బయల్దేరి, బస్టాపు దాకా వెళ్లి, మనసు రాక తిరిగొచ్చాను. ఎక్కడికెళ్లినా ఆ క్లినిక్ గదిలో నర్సు ముందు చెయ్యి చాపిన మనిషే నాతో వస్తుంది. ఆమెతో ఒక్కదాన్నే ఉండే ధైర్యం నాకు ఇంకా రాలేదు.