మా అత్తయ్య నల్లబెల్లం అరిసెలు

మా వారికి షుగరు ఉందని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో పుచ్చు వంకాయలకి గౌరవం పెరిగింది. రాజమహేంద్రవరంలో మేముండే పేటలో శనివారం పొద్దున్నే సేంద్రియ కూరగాయల సంత ఒకటి పెడతారు. గుడ్డసంచీ తీసుకుని అందరికంటే ముందు వెళ్ళేదాన్ని నేనే. ఆకుకి చిల్లు లేకపోతే తోటకూర కట్ట ముట్టుకోను. పురుగే తినని ఆకు మనిషెందుకు తినాలన్నది నా సిద్ధాంతం. బళ్ళో సోషలు పాఠాలు చెప్పేదాన్ని, ఏదైనా ఒక సిద్ధాంతంగా తేల్చుకుంటే తప్ప నాకు నమ్మకం కుదరదు.

మా అత్తయ్య ఆ సంచీ ముందు కూర్చుని ఒక్కొక్క కాయా తిప్పి చూసేది.

"అయితే అమ్మాయ్, ఇన్నాళ్ళూ పుచ్చువని గేదెకి పడేసిన వంకాయలన్నీ మంచివేనన్నమాట. మా గేదె ఎంత అదృష్టవంతురాలో!" అనేది.

ఆవిడ ఎగతాళి చేసినా నేను వెనక్కి తగ్గలేదు. సన్నబియ్యం పోయి దంపుడు బియ్యం వచ్చాయి. ప్యాకెట్ నూనె పోయి గానుగ నూనె వచ్చింది. కొన్ని పూటలు కొర్రన్నం వండేదాన్ని. రామచంద్రపురం పక్క పల్లెలో, వరిచేల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆవిడ. కంచంలో కొర్రలు చూసి, "వీటిని పిచ్చుకల కోసం చూరుకి కట్టేవాళ్ళమే" అని నవ్వి, ఒక్క మెతుకు వదలకుండా తినేసేది. తినలేక సగంలో లేచిపోయేది ఆవిడ కొడుకే. ఆయన మంచి కోసం ఇంత అవస్థ పడుతుంటే ఆయనే అలా లేచిపోవడం చూసి నాకు ఒళ్ళు మండేది. సాయంత్రం ఆకలికి వంటింట్లో డబ్బాలు వెతుక్కుంటుంటే మళ్ళీ నాకే జాలేసేది.

నేను అత్తయ్యని వంట మానమనలేదు. కానీ ఆవిడ చేతి వంటంతా కొడుకు చుట్టూ తిరిగేది. పాకం గారెలు, బూరెలు, సున్నుండలు, ఆయన ఆఫీసు నుంచి వచ్చే వేళకి ఏదో ఒకటి వేడిగా ఉండాల్సిందే. అవన్నీ ఆయన తినకూడదని డాక్టరు గారు చెప్పాక ఆవిడకి పొయ్యి దగ్గర పని లేకుండా పోయింది. మధ్యాహ్నాలు ఊరికే వరండాలో కూర్చునేది. బైబిలు చదువుతున్నట్టు ఒళ్ళో పెట్టుకునేదిగాని పేజీ తిరిగేది కాదు. అత్తాకోడళ్ళం మేమేమీ కత్తులు దూసుకున్నవాళ్ళం కాదు, అయినా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి "నేనేమైనా చెయ్యనా అమ్మా?" అని పరాయి మనిషిలా అడిగిన రోజున నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఇక ఆవిడకి మిగిలింది కోత పండుగ ఒక్కటే.

మా అత్తవారి ఊరి చర్చిలో సార్వా వరి పంట కోతలయ్యాక ఒక ఆదివారం ఆ పండుగ చేస్తారు. ఎవరి పంటలోంచి వాళ్ళు, ఎవరి చేతిపనిలోంచి వాళ్ళు, మొదటిది దేవుడికని తెచ్చి పెడతారు. కొత్త ధాన్యం, అరటి గెలలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఇంట్లో చేసిన పిండివంటలు. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద అన్నింటినీ వేలం వేస్తారు. మగవాళ్ళు అటు, ఆడవాళ్ళు ఇటు, మధ్యలో ఈ సరుకంతా. ఎవరింటి నుంచి తెచ్చింది వాళ్ళే పాడుకోకూడదు. ఇది రాసిపెట్టిన నియమం కాదు, పరువుకి సంబంధించిన మాట. మన కాయ మనమే పాడుకున్నామంటే దాన్ని అడిగే నాథుడు లేడని అర్థం.

ఆ పండుగకి అత్తయ్య ఏటా అరిసెలు చేసి పెడుతుంది. కొత్త బియ్యంతో, తేనె రంగులో, గుండ్రంగా ఉండే ఆ అరిసెల పళ్ళెం కోసం ఆఖరుదాకా పోటీ ఉంటుంది. ఎక్కువసార్లు గెలిచేది మా వారి చిన్ననాటి స్నేహితుడు, ఊళ్ళో ఎరువుల కొట్టు నడిపే ఆయన. పళ్ళెం గెలిచి, తుడిచి, సాయంత్రానికి వెనక్కి పంపేవాడు. మా వారు ఆ స్నేహితుణ్ణి పలకరించి వస్తానని కొట్టుకి వెళ్ళి, తర్వాత భోజనానికి మా తోడికోడలి ఇంటికి వచ్చేవారు. పెదమామగారి కోడలు ఆవిడ, ఆ ఊళ్ళోనే ఉంటుంది. ఎందుకోగాని షుగరు బయటపడ్డ ఏటి నుంచీ ఆ ఒక్క ఆదివారం మా వారికి ఆకలుండేది కాదు. అంత చక్కని నాటుకోడి కూర ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేవారు.

"మీ ఆయనకి నా వంట నచ్చదే" అని ఆవిడ ఏటా నా దగ్గర మూతి ముడుచుకునేది. గ్యాసక్కా, ప్రయాణమక్కా అని నేను సర్దిచెప్పేదాన్ని.

కిందటేడు పండుగ దగ్గరపడుతుండగా అత్తయ్య బియ్యం నానబోసింది. ఇంట్లో ఉన్నది నేను సంతలో తెచ్చిన నల్లబెల్లం. మందులు కొట్టని చెరుకు, రంగు కలపని బెల్లం అని అమ్మినాయన గంటసేపు చెబితే మురిసిపోయి తెచ్చాను. కాఫీలో వేస్తే పాలు విరిగిపోయేవి, అది వేరే సంగతి. అరిసెలకి అది పనికొస్తుందో లేదో అని నాకే అనుమానం వచ్చింది.

"అత్తయ్యా, మామూలు బెల్లం తెప్పిస్తానండి. మీకు అలవాటైనదే" అన్నాను.

"వద్దమ్మా, దీంతోనే చేస్తాను."

"ఇది పాకానికి ఎలా వస్తుందో ఏమో అండి."

"చూద్దాంలే."

పాకం రానే లేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే వేలికి ఉండ కట్టాలి. ఇది కట్టినట్టే కట్టి జారిపోతోంది. ఇంకాస్త మరగనిస్తే ఒక్కసారిగా ముదిరింది. పిండి కలిపి, అరిటాకు మీద తట్టి నూనెలో వేస్తే మొదటి వాయి అంచులు విచ్చుకుపోయాయి. అప్పుడు కూడా వేరే బెల్లానికి నేను బజారుకి వెళతానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. రెండు చెక్కల మధ్య ఒక్కొక్కటీ పెట్టి నూనె నొక్కుతూ, విరిగినవి పక్కనపెడుతూ అలాగే ముగించింది. అరిసెలు అట్లపెనంలా నల్లగా వచ్చాయి. నా సంత పిచ్చి ఎక్కడికి తెచ్చిందో చూడు అని నాకు బుద్ధి చెప్పడానికే ఈ పట్టుదల అనుకున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది అని ఆవిడ ఒక్క మాటంటే నాకూ తేలికగా ఉండేది. ఆవిడ మాత్రం అందులోనే కాస్త బాగున్నవి ఏరి, పళ్ళెంలో పేర్చి, ఉతికిన గుడ్డ కప్పింది.

బస్సులో ఆ పళ్ళెం ఆవిడ ఒళ్ళోనే ఉంది. దారి పొడుగునా నాకు ఒకటే బెంగ. ఇంట్లో పొయ్యి దగ్గర చోటు ఎలాగూ పోయింది. ఇప్పుడు అంతమంది ముందు ఆ గుడ్డ తీశాక ఎవరూ పాడకపోతే ఈ మనిషికి ఇంకేం మిగులుతుంది?

చర్చిలో కూర్చోగానే నా పక్కనున్న తోడికోడలి చెవిలో వేశాను.

"అక్కా, అత్తయ్య పళ్ళెం వచ్చినప్పుడు నా తరఫున నువ్వు పాడు. ఎంతయినా సరే వదలకు. ఎవరికీ చెప్పకు."

"మనింటిది మనమే పాడుకోవడమేంటే?"

"నువ్వు పాడు అక్కా, తర్వాత చెప్తాను."

గుమ్మడికాయలయ్యాయి, గెలలయ్యాయి, ఒక కోడి తాడు తెంపుకుని పాస్టరు గారి కుర్చీ కిందకి దూరింది, దాన్ని పట్టుకుని పాడారు. తర్వాత సంఘపెద్ద అరిసెల పళ్ళెం మీద గుడ్డ తీశాడు. ఏటా గుడ్డ తీయగానే లేచే సందడి ఈసారి లేవలేదు. ఆయన కూడా ఒక క్షణం తడబడి, "అమ్మగారి అరిసెలండీ, ఈసారి బెల్లం దండిగా వేశారండీ!" అని సర్దుకున్నాడు. నేను అక్క తొడ మీద గిల్లాను. ఆవిడ పాట మొదలుపెట్టింది.

వెంటనే మగవాళ్ళ వైపు నుంచి ఎరువుల కొట్టాయన గొంతు దానికి పైన పాడింది. అక్క పెంచింది. ఆయన పెంచాడు. ఇంకెవరూ నోరెత్తలేదు. అటూ ఇటూ ఈ రెండు గొంతులే. అమ్మయ్య, ఆయనైనా ఉన్నాడు, ఇక చాలనిపించి అరటి గెలల సందులోంచి అటు చూశాను. కొట్టాయన చెవి దగ్గరికి వంగి ఎవరో ఏదో చెబుతున్నారు. నడినెత్తి మీద జుట్టు పలచబడ్డ ఆ తల నాకు బాగా తెలుసు. నేను రోజూ నూనె రాసే తలే అది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తల్లి పరువు కోసం ఆయన అటు నుంచి, అత్తగారి పరువు కోసం నేను ఇటు నుంచి ఒకే పళ్ళేన్ని పాడుకుంటున్నాం. ఎవరు గెలిచినా జేబు మాత్రం మాదే.

"అక్కా, ఆపు, ఇక చాలు" అని పమిట లాగాను.

"ఊరుకోవే, ఎరువుల కొట్టాయనకి మనం తగ్గుతామా?" అందావిడ. అప్పటికే ఆవిడకి పౌరుషం వచ్చేసింది.

ముందు వరసలో కుర్చీలో కూర్చున్న అత్తయ్య వైపు చూశాను. తన అరిసెలకి ఇంత పోటీ వచ్చిందని పొంగిపోతుంది అనుకున్నాను. ఆవిడ ముఖంలో కంగారు కనిపించింది. మా వైపు చూడటం లేదు. పాట పెరిగినకొద్దీ మగవాళ్ళ వైపే చూస్తోంది. చివరికి కొట్టాయన నోరు మూతపడింది. సంఘపెద్ద ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాడు. పళ్ళెం మా అక్క చేతికొచ్చింది. అత్తయ్య తల దించుకుంది.

ఆ మధ్యాహ్నం మా వారు కొట్టుకి వెళ్ళలేదు. నేరుగా భోజనానికి వచ్చి కూర్చున్నారు. నాటుకోడి కూర రెండుసార్లు వేయించుకున్నారు. అక్క నమ్మలేక గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏంటి మరిదిగారూ, ఈ ఏడు నా వంట బాగుందా?"

"ఎప్పుడూ బాగానే ఉంటుంది వదినా" అన్నారాయన దిగులుగా.

మాట పొడిగించకుండా అక్క లోపలికి వెళ్ళి అరిసెల పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇదిగో, నువ్వు పాడించావుగా, నీ పళ్ళెం నువ్వు తీసుకో. ఎందుకో తర్వాత చెప్తానన్నావు, ఇప్పుడు చెప్పు" అంది. ఎవరికీ చెప్పకన్న సంగతి ఆవిడకి గుర్తే లేదు.

మా వారు ముద్ద చేతిలో పట్టుకుని నా వంక చూశారు. "ఇటు నుంచి పాడింది నువ్వా?"

"అటు నుంచి పాడింది మీరు కాదూ?"

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"ఈ ఒక్క ఏడేంటమ్మా, ఏటా వీడే పాడిస్తాడు" అంది. "ఆ కొట్టాయనకి చిన్నప్పటి నుంచి తీపి పడదు. మనింటికొస్తే జంతికలే అడిగేవాడు. అలాంటివాడు ఏటా నా అరిసెలు పాడితే నాకు తెలీదనుకున్నారా? పండగ పూట కోడికూర ముందు కూర్చుని ఆకలి లేదనే మగాడు ఎక్కడైనా ఉంటాడా?"

"అయితే నా కూర బాగోక కాదన్నమాట!" అంది అక్క. ఇన్నేళ్ళ బరువు దిగిపోయినట్టు నేల మీద కూలబడింది.

ఏటా నా మొగుడు ఎరువు బస్తాల మధ్య కూర్చుని తల్లి చేసిన అరిసెలు తిని వస్తున్నారు. ఇక్కడ నేనేమో ఎరువు వెయ్యని తోటకూర కోసం సంతంతా తిరుగుతున్నాను. కోప్పడదామనుకున్నాను గాని నవ్వొచ్చేసింది.

"అన్నీ తెలిసినవారు, మరి ఈ బెల్లంతో ఎందుకు చేశారండీ అత్తయ్యా?" అన్నాను. "పాకం రాదని మీకు మొదటే తెలిసింది కదా. నలుగురిలో మీ అరిసెలకి మాటొస్తుందని నేను ఎంత బెంగపడ్డానో."

"నలుగురూ తింటారేంటమ్మా? తినేది వీడేగా" అంది ఆవిడ. "ఈ బెల్లం వీడికి మంచిదని నువ్వు అంత దూరం నుంచి మోసుకొచ్చావు. ఎలాగూ పాడించి తింటాడు, ఆ తినేదేదో మంచిది తింటాడని చేశాను. నువ్వు పాడిస్తావని నాకేం తెలుసు? పళ్ళెం వీడికి అందకుండా పోయిందని భయపడ్డాను."

 మా వారు కంచంలోకి చూస్తూ కూర్చున్నారు.

నలుపైనా పసుపైనా బెల్లం బెల్లమేనని, షుగరు ఉన్నవాళ్ళకి అన్నీ ఒకటేనని డాక్టరు గారు నాకు అంతకుముందే చెప్పారు. ఆ మాట అత్తయ్యకి ఆ రోజు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

పళ్ళెంలోంచి ఒక అరిసె తీసి విరిచాను. విరవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు, సగం పని అదే చేసుకుంది. ఒక ముక్క నా నోట్లో వేసుకుని, రెండో ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"ఇంతే. ఇంకడగకండి" అన్నాను.

ఆయన అది నమిలి మింగేదాకా అత్తయ్య కొడుకు నోటి వంకే చూస్తూ కూర్చుంది.