దేవుని కుండలో అక్క పిడికెడు

మా ఇంట్లో ఇసుర్రాయి పక్కన చిన్న మట్టికుండ ఒకటి ఉండేది. దాన్ని దేవుని కుండ అనేవాళ్ళం. పొద్దున్నే జొన్నలు విసరబోయే ముందు అమ్మ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని పిడికిళ్ళు చాటలోంచి తీసి అందులో పోసేది. ఒక్కో పిడికిలికి ఒక్కొక్కరి పేరు చెప్పి "తోత్రం తండ్రీ" అనేది. ఆ మనిషిని మాకు ఇచ్చినందుకు దేవునికి చెప్పుకునే కృతజ్ఞత అది. శనివారం నాడు చర్చి తరఫున బైబిలమ్మ సంచి పట్టుకొని వచ్చి ఆ జొన్నలు తీసుకుపోయేది. బీదరులో మా వాడకట్టు క్రైస్తవుల ఇళ్ళన్నిటిలో ఇదే పద్ధతి. కోపంగా ఉన్న రోజైనా ఎవరి పిడికెడూ ఆపకూడదు. నాయినతో మాటలు లేని రోజుల్లో కూడా అమ్మ ఆయన పేరు చెప్పి, కాస్త గట్టిగానే చెప్పి, పోసేది.

ఆడపిల్లకు పెళ్ళయితే మాత్రం ఆమె పిడికెడు అత్తవారింటి కుండలోకి మారుతుంది. పుట్టింట్లో ఆపేస్తారు.

పోలీసు చర్య అయిపోయి, బడిలో ఉర్దూ పోయి కన్నడం వచ్చిన కాలం. ఆ కొత్త అక్షరాలు నాకు పట్టుబడలేదు. బడి మానేసి ఇంట్లో ఉన్నాను. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ ముందటి ఏడే అక్కను దుబల్గుండి అనే ఊరికి ఇచ్చారు. పెళ్ళిలో మాట పట్టింపు వచ్చింది. పెళ్ళికొడుకు మేనమామను మొదటి పంక్తిలో కూర్చోబెట్టలేదని అటువాళ్ళు అలిగారు. నాయిన ఊరుకున్నాడా, "బండి పొద్దుగాల్లనే కట్టుకుంటె మొదటి పంక్తి దొరుకుతుండె" అన్నాడు. అంతే. వాళ్ళు అక్కను తీసుకుపోయారు, మళ్ళీ పంపలేదు. "వాళ్ళొచ్చి పిలిస్తెనే పోతం. అప్పటిదాంక ఆ ఇంట్ల మంచినీళ్ళు సుత ముట్ట" అని నాయిన భీష్మించుకున్నాడు. అట్లా ఏడాది దాటింది.

చలికాలం అక్కా నేనూ ఒకే గొంగడిలో పడుకునేవాళ్ళం. మంచులాంటి పాదాలు తెచ్చి నా పాదాల మధ్య దూర్చేది. తన్నేదాన్ని. ఇప్పుడెన్ని దుప్పట్లు కప్పుకున్నా ఆ చల్లదనం కోసం కాళ్ళు వెతుకుతాయి. సాయంత్రం ప్రార్థనలో ఒక్కొక్కరం ఆ రోజు జరిగిన ఒక మేలు చెప్పాలి. అక్క అయితే, "చెల్లె ఇయాల నా జడ గుంజలేదు, తోత్రం" అనేది. నేను గుంజిన రోజైతే, "మెల్లగ గుంజింది, తోత్రం" అనేది. ఆమె పోయాక నా వంతు వస్తే నాకేమీ తోచేది కాదు. నాయిన మాత్రం వానకు, బావిలో నీళ్ళకు, తోటలో జామకాపుకు వరసపెట్టి స్తోత్రాలు చెప్పేవాడు. దుబల్గుండి పేరు ఎత్తేవాడు కాదు.

ఆ వానాకాలం అమ్మకు చలిజరం వచ్చింది. మంచం దిగలేకపోయింది. వారం రోజులు నేనే విసిరాను. అవ్వ, నాయిన, అమ్మ, నేను, మొత్తం నాలుగు పిడికిళ్ళు పోసి పెద్ద ఆరిందానిలా తోత్రం చెప్పాను.

శనివారం బైబిలమ్మ వచ్చి కుండ ఎత్తి చూసింది. "ఏందమ్మా, ఈ వారం తేలికున్నది. ఇంట్ల ఒక మనిషి తగ్గిండా?" అంది నవ్వుతూ.

నాయినను కన్న మా అవ్వ మూలలోంచి, "ఇంక తగ్గలే బిడ్డా. నేనే జెర ఆలిస్యం చేస్తున్న" అంది.

బైబిలమ్మ వెళ్ళాక అమ్మ మంచంలోంచి నావైపు తిరిగింది.

"రోజుకెన్ని పోసినవే?"

"నాలుగు."

"అక్కకు?"

"అక్కది ఆడ పోస్తరు గద" అన్నాను, పద్ధతి తెలిసినదానిలా.

అమ్మ మోచేతి మీద లేచింది. "ఆడ పోస్తున్నరో లేదో నాకెట్ల తెలుస్తది? ఒక్క కబురన్న వచ్చిందా? తెలిసేదాంక ఈడనే పొయ్యాలె. ఈడా ఆడా పొయ్యకుంటె, నా బిడ్డ పుట్టిందని దేవునికి చెప్పేటోళ్ళెవరు?"

రోజూ నేను లేవకముందే అమ్మ ఏడాదిగా ఐదు పోస్తోందని అప్పుడే తెలిసింది. గడపలో కూర్చొని చేదతాడు పేనుతున్న నాయినకూ అప్పుడే తెలిసింది. ఆయన చేతులు ఆగిపోయాయి.

ఆ సాయంత్రం ప్రార్థనలో నాయిన "వానకు తోత్రం" అన్నాడు. చాలాసేపయ్యాక అవ్వ ఒక కన్ను తెరిచి, "అయిపోయిందా? ఆమేన్ అనాల్నా?" అని అడిగింది.

మర్నాడు ఆదివారం. నాయిన చర్చికి పోలేదు. రెండు రొట్టెలు మూట కట్టుకొని హుమ్నాబాద్ మోటారు ఎక్కాడు. అక్కడి నుంచి దుబల్గుండికి నడక. సోమవారం పొద్దు గూకే వేళకు తిరిగి వచ్చాడు. అమ్మ లేచి గోడకు ఆనుకొని కూర్చుంది.

"నీళ్ళు ముట్టినవా?" అని అడిగింది ముందు.

"అన్నమే తిన్న. మొదటి పంక్తిల కూసోబెట్టిండ్రు" అన్నాడు నాయిన, తల వంచుకొని.

"బిడ్డ ఎట్లున్నది?"

"జెర లావైంది."

"నన్ను అడిగిందా?"

"అడిగింది."

"ఏమని?"

"ఎట్లున్నదని."

"జరమని చెప్పినవా?"

"చెప్పలే. ఏడుస్తదని." నాయిన తలపాగా తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "పొద్దుగాల వాళ్ళత్త ఇసుర్రాయి కాడ కూసున్నది. నేను నిద్రపోయినట్టు పండుకొని చూసిన. ఏడుగురున్నరు, ఏడు పోసింది. మన పిల్ల పేరు సుత చెప్పింది. 'మా ఇంటికి ఈ పిల్లనిచ్చినవు, తోత్రం' అన్నది."

"కయ్యం పెట్టుకున్న ఇంటికి పోయి పిడికిళ్ళు లెక్కబెట్టొచ్చినవా?" అంది అవ్వ.

అమ్మ నవ్వలేదు. "నిండుగ పోసిందా, సగమా?"

"నిండుగనే. ఆమె చెయ్యి నీ చెయ్యి కంటె పెద్దది."

"పంపుతమన్నరా?"

"కోతలయినంక చూస్తమన్నరు."

అమ్మ కొంగుతో ముఖం మొత్తం తుడుచుకుంది. ఆ సాయంత్రం ప్రార్థనలో దుబల్గుండి వియ్యపురాలికి మేలు చెయ్యమని అడిగింది, పేరు పెట్టి.

మర్నాడు జరం నెమ్మదించి తనే ఇసుర్రాయి దగ్గర కూర్చుంది. నేను మెలకువగానే ఉన్నాను. నాలుగు పోసింది. ఐదో పిడికెడు తీసి, కుండ మీద పట్టుకొని ఆగిపోయింది. వాకిట్లో ముఖం కడుగుతున్న నాయిన చూశాడు.

"పొయ్యి. ఎక్కువైతె దేవుడు తిరిగి పంపడు" అన్నాడు మెల్లగా.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆడ నిండుగ పోస్తున్నరు గద. ఇంక నేను పోస్తె వాళ్ళను నమ్మనట్టయితది."

చెయ్యి చాట మీదికి తెచ్చి వేళ్ళు వదులు చేసింది. జొన్నలు ఒక్కసారిగా పడలేదు, కొన్ని కొన్నిగా జారాయి. తరువాత ఇసుర్రాయి తిప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు పిండి ఒక పిడికెడు ఎక్కువైంది. నాకు పెద్ద రొట్టె వచ్చింది. అక్క వెళ్ళి ఏడాది దాటినా, ఆమె ఇక మా ఇంటి మనిషి కాదని ఆ రొట్టె ముందు కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది. సగం తుంచి పక్కన పెట్టాను. అవ్వ చెయ్యి చాచి దాన్ని తీసుకుంది, పాలలో నానబెట్టుకొని తినేసి, తోత్రం అంది.