కొసరుగా ఇచ్చిన ఒక్క మాట

ఆ రోజుల్లో నేను కుదిర్చిన బేరాల్లోకెల్లా గొప్పదని చాలాకాలం చెప్పుకుని తిరిగిన బేరం ఒకటుంది. ఒకే ఒక్క మాట కొసరుగా పారేసి, అమ్మాయిలకు శరీరం గురించి పాఠం చెప్పడానికి ఒక హెడ్మాస్టరు గారి చేత తరగతి గది తలుపు తీయించాను. నాయుడుపేటలో మా నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది బట్టల కొట్టు, మేనత్తది గాజుల కొట్టు. మా ఇంట్లో పిల్లలకు మాటలకంటే ముందు బేరం వస్తుంది. అలాంటి ఇంట్లో పుట్టి, డిగ్రీ కాగానే, పల్లెల్లో ఎదిగే పిల్లలకు ఆరోగ్యపాఠాలు చెప్పే ఒక సంస్థలో చేరాను. (జీతమెంతో విని నాన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అదే ఎక్కువ బాధ.)

ఆ బడి వాకాడు వైపు, సముద్రానికి దగ్గర. హెడ్మాస్టరు గారు మంచివారే, కాకపోతే భయస్థులు. నేను పరిచిన చార్టు మీద ఎక్కడ ఏ బొమ్మ ఉందో చూసి, సరిగ్గా అక్కడే తన టీ గ్లాసు పెట్టారు. "అమ్మాయ్, ఈ మాటలు నా బళ్లో వినబడినాయంటే రేప్పొద్దున పాళెమంతా నా గేటు కాడ నిలబడతది" అన్నారు. నేను తొణకలేదు. వదులుకోవడానికే పెద్ద చార్టు ఒకటి వేరుగా తెచ్చుకున్నాను, కొట్టు పిల్లను కదా. బాధ నటిస్తూ దాన్ని చుట్టేశాను. 'కండోమ్' అనే మాట వదిలేశాను. 'కలయిక' తీసేసి 'దగ్గర కావడం' పెట్టుకున్నాను. 'గర్భం' మాత్రం వదలనని బిగుసుకు కూర్చున్నాను. ఆయన చాలాసేపు ఫ్యాను వంక చూసి, సరే, కాని ప్రతిసారీ దాని ముందు 'పెళ్లయ్యాక' అని చేర్చమన్నారు. అంతేనా అనుకున్నాను. కిలో పప్పు కొన్నవాడికి గుప్పెడు పప్పు అదనంగా వేసినంత తేలిగ్గా ఇచ్చేశాను.

పాఠం మేడ మీద గదిలో జరిగింది. మగపిల్లలు కిటికీల దగ్గరికి రాకుండా డ్రిల్లు మాస్టరు వాళ్లను మైదానం చుట్టూ పరిగెత్తిస్తున్నాడు. (వాళ్లకు చెప్పాల్సిన పాఠం అలా చెమటగా కారిపోయింది. వాళ్లకూ చెప్పాలన్న ఆలోచన ఆ రోజు ఎవరికీ రాలేదు, నాతో సహా.) పెళ్లయ్యాక భార్యాభర్తలు దగ్గరైనప్పుడు గర్భం వస్తుంది, పెళ్లయ్యాక నెల తప్పితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి అంటూ చెప్పుకుపోయాను. అమ్మాయిలు చున్నీలు నోట్లో కుక్కుకుని నవ్వారు. నవ్వనిది ఒక్కతే. విన్నది విన్నట్టు అప్పజెబుతుందని టీచర్లు ఆమెకు 'టేపురికార్డరు' అని పేరు పెట్టారు. తొమ్మిదో తరగతి. తల్లి చేపలమ్ముతుంది. ఆ పిల్ల లేచి, "అంటే అక్కా, పెళ్లి కాకపోతే రాదా?" అంది.

గుమ్మంలో హెడ్మాస్టరు గారు నిలబడి ఉన్నారు. నేను ఆయన వంక చూశాను. మాట మాటే కదా. "పెళ్లయ్యాకేనమ్మా" అన్నాను. ఆ పిల్ల తలూపి కూర్చుంది. నాకు టీ, బిస్కట్లు ఇచ్చారు. మళ్లీ రమ్మన్నారు కూడా.

కొన్ని నెలల తర్వాత ఆ ఊరి నర్సమ్మ ఫోను చేసింది. ఆ 'టేపురికార్డరు' పిల్ల కడుపులో గడ్డ లేచిందని తల్లి ఆస్పత్రికి తీసుకొచ్చిందట. గడ్డ కాదు. రొయ్యల గుంటల దగ్గర పనికొచ్చిన ఒక యువకుడు పెళ్లి చేసుకుంటానని నమ్మించి, సంగతి తెలిసే లోపల ఊరు దాటేశాడు. నేను వెళ్లేసరికి తల్లి వరండాలో ఖాళీ చేపల తట్ట పక్కన కూర్చుని ఉంది. ఆ పిల్లకు నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది. ఎక్కడ తప్పు జరిగిందో లెక్క తేలని విద్యార్థిలా నా మొహంలోకి చూసింది.

"నేను అడిగినా గదక్కా. పెళ్లయినాకే అని నువ్వే చెప్పినావు. మాకింకా పెళ్లి కాలేదు గదా."

పోలీసు కేసు పెట్టారు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, తెల్లవారేలోపు పోయింది. ఆ పిల్లకు ప్రాణం దక్కింది, అదీ నెల్లూరు పెద్దాసుపత్రికి సమయానికి చేర్చబట్టి. ఆమె మళ్లీ బడికి వస్తానంది, పది పరీక్ష రాస్తానంది. అందుకోసం నేను ఆ హెడ్మాస్టరు గారి ఎదుట రెండోసారి బేరానికి కూర్చున్నాను. వెనక బెంచీ అన్నాను, వేరే సెక్షన్ అన్నాను, పరీక్షరోజు వస్తే చాలన్నాను. ఆయన దేన్నీ కాదనలేదు. "మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరమ్మా" అని ఒక్కటే మాట, ప్రతిసారీ. తగ్గించడానికి నా దగ్గర ఇంకేమీ మిగలకపోతే లేచి వచ్చేశాను.

ఇప్పుడు నా క్లాసుల్లో అన్ని మాటలూ వాటి సొంత పేర్లతోనే వస్తాయి. మగపిల్లలూ కూర్చుంటారు. కొన్ని బళ్లు నన్ను రానివ్వవు. వాటి గేటు బయట నిలబడటం నేర్చుకున్నాను. ఈమధ్య వాకాడు బస్టాండులో ఆమె కనిపించింది. రొయ్యలు వలిచే షెడ్డులో పని చేస్తోందట. వాళ్ల చెల్లెలు ఎనిమిదికొచ్చిందని తెలిసి, నా క్లాసుకు పంపమన్నాను.

"నేనే కూర్చోబెట్టి అంతా చెప్పినాలేక్కా. నీ కాడికి పంపను, ఏమనుకోబాక" అంది. అని నవ్వింది. బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయింది.

చార్టు చంకలో పెట్టుకుని లోకాన్ని గెలిచానని తిరిగిన ఆ రోజుల నన్ను తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది, పూర్తిగా రాదు. ఇక లెక్క తేల్చాలంటే, హెడ్మాస్టరు గారికి ఏమీ పోలేదు. నాకు గొప్ప పోయింది. అదీ కొంతకాలానికి తిరిగొచ్చింది, ఇది రాస్తున్నప్పుడు కూడా కాస్త వస్తోంది. ఆ పిల్లకు బడి పోయింది, బిడ్డ పోయింది. అవి తిరిగి రాలేదు.