శనిని చూడటానికి కొన్న కారు

శనిని వదిలించుకోవడానికి ఖర్చు పెట్టేవాళ్ళు ప్రొద్దుటూరులో వీధి వీధికీ ఉన్నారు. నల్ల నువ్వులు, నల్ల గుడ్డ, నూనె దీపం, పైన దక్షిణ. శనిని చూడటానికి ఖర్చు పెడతామన్నవాళ్ళం మాత్రం ఆ రోజుల్లో ముగ్గురమే. ఇంట్లో ఆ మాట చెప్పిన రోజు నా భార్య చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "అందరూ ఆయన పోతే సాలనుకుంటాంటే మీరు దుడ్లిచ్చి పిలుస్తాండారా?" అనింది.

నాది పులివెందుల పక్క గొర్రెల వాళ్ళ ఇల్లు. అయిదో తరగతితో బడి మానేసి మంద వెంట తిరిగినాను. తర్వాత ప్రొద్దుటూరు వచ్చి పత్తి మిల్లులో కాటా దగ్గర నిలబడినాను. మిగతా చదువంతా ఊరి గ్రంథాలయంలో నాకు నేను చదువుకున్నదే. చదువుకున్నవాళ్ళ మీద నాకు కోపముండేది, చదువు మీద కాదు. రెండో ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా, పురోహితుల ఇంటి మనిషి. మేము సామీ అని పిలిచేవాళ్ళం. శనికి శాంతి చేయించే ఇంట్లో పుట్టి ఆ శని ఎట్లుంటాడో ఒకసారైనా చూడలేదే అని ఆయన వెలితి. మూడో ఆయన జమ్మలమడుగులో టైలరు, నాకంటే పెద్ద, సాయిబుల ఇంటి మనిషి. నాకు మామ వరస పెట్టుకున్నాను.

మామకు నీటికాసులు. కంటిలో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తగ్గుతూ వచ్చే జబ్బు అది. పోయిన చూపు మళ్ళీ రాదని కర్నూలు డాక్టరు చెప్పి పంపినాడు. పుస్తకంలో శని చుట్టూ వలయాలున్న బొమ్మ నేనే చూపించినాను. దాన్ని చాలాసేపు చూసి మామ అడిగింది ఒకటే: "కండ్లు ఉండంగానే దీన్ని నిజంగా సూడొచ్చునా?" చూడొచ్చన్నాను. ఆ సంవత్సరం వలయాలు బాగా విచ్చుకొని ఉండినాయి. ఏండ్లు గడిచేకొద్దీ అవి మన వైపు అంచు తిప్పుకుంటాయనీ, అప్పుడు కనిపించీ కనిపించకుండా సన్నబడతాయనీ నాకు తెలుసు. మామకూ చెప్పినాను.

అందుకే ముగ్గురం దుడ్లు వేసుకున్నాము. పట్నంలో ఒకాయన అద్దం రుద్ది టెలిస్కోపులు చేసి పంపేవాడు. ఆయన రాసిన కొలతలు చూసి, ఆయనకు దుడ్లు పంపకముందే మామ దానికి సంచి కుట్టేసినాడు. బయట ఖాకీ గుడ్డ, లోపల కంబళి.

కార్ల మీద నేను మాట్లాడని రోజు లేదు అప్పట్లో. గ్రంథాలయం మెట్ల మీద కూర్చొని వచ్చేపోయేవాళ్ళను పట్టుకొని చెప్పేవాణ్ణి. వాన లేక చేన్లు ఎండుతుంటే వీళ్ళకు కార్లు కావాల. ఇంటి ముందర కారు నిలబెడితే ఏం కనిపిస్తుంది? ఎదురింటివాని కడుపుమంట కనిపిస్తుంది. అదే దుడ్లు పెట్టి దుర్భిణి కొంటే చంద్రుని మీద గుంటలు కనిపిస్తాయి. ఇట్లా ఊపిరి తీసుకోకుండా చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను తగ్గేవాణ్ణి కాను.

ఆ దుడ్లకే ఒక పాత తెల్ల అంబాసిడరు వస్తుందని తెలిసేసరికి సామి మనసు మారింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మామ అంగడిలో తేల్చుకుందామని కూర్చున్నాము.

"దుర్భిణి కొన్నామనుకో," అన్నాడు సామి. "ప్రొద్దుటూర్లో మిద్దెక్కితే వీధి లైట్లు, పత్తి దుమ్ము, అటుపక్క కరెంటు ప్లాంటు ఎలుతురు. సగం ఆకాశం ఆడనే పాయ. గండికోట పక్కకు పోతే చీకటి చీకటిగా ఉండాది. పోయేదెట్ల? పార్టీ కొట్లాటల్లో యాడన్నా ఒక మనిషి పడితే ఈడ బస్సులు నిలబడిపోతాండాయి. ముందు కారుంటే చీకటికి పోతాం. దుర్భిణి తర్వాత కొనుక్కుందాం."

"చీకటికి పోయి ఏంది సామీ సూసేది? ఉత్త కండ్లతో సూసేదానికి మా ఇంటి ముందర మంచమేసుకుంటే సాలదా?"

"తర్వాత కొంటామంటాండా గదా మామా."

"తర్వాత అంటే నా కండ్లకు తెలీదు సామీ."

ఇద్దరూ నా వైపు తిరిగినారు. చెరొక మాట అయిపోయింది, తేల్చాల్సింది నేను.

ఇక్కడ మా పక్క పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ ఏండ్లలో పెండ్లికి పోయినా దినానికి పోయినా పందిరి దగ్గర నిలబడినవాడు మొదట మన మొహం చూడడు, దేంట్లోంచి దిగినామో చూస్తాడు. జీపులో కారులో వచ్చినవాళ్ళకు ముందు వరసలో కుర్చీ, పార్టీ నాయకుని పక్కన భోజనం. అంతకుముందు ఏడు మా బావ ఇంట్లో దినానికి నేను బస్సు దిగి, రోడ్డు మీద నుంచి ఊర్లోకి నడిచి, కాళ్ళనిండా దుమ్ముతో పోయినాను. డ్రైవర్ల పంక్తిలో కూర్చోమన్నారు. సొంత బావమరిదిని. ఇప్పుడు వచ్చే నెలలో ఆ బావ కూతురి పెండ్లి, పులివెందుల పక్క ఊర్లోనే. నాయకుడు వస్తాడని అందరికీ తెలుసు.

ఇంకొకటి కూడా నాకు తెలుసు. శనికి చీకటి అక్కర్లేదు. వీధి లైట్ల మధ్య మిద్దె మీద నిలబడినా దుర్భిణిలో వలయాలు కనిపిస్తాయి. ఆ మాట సామికి గుర్తు చేయాల్సినవాణ్ణి నేనే.

గొంతు సవరించుకొని, "చీకటి లేకుండా ఆకాశం లేదు," అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. పాలపుంత అన్నాను, నక్షత్ర ధూళి అన్నాను. ముందు కారు కొందామన్నాను.

మామ మిషను చక్రం మీద చెయ్యి పెట్టి అంతా విని, "మీ బావోళ్ళింట్లో పెండ్లి ఎప్పుడప్పా?" అన్నాడు.

"వచ్చే నెల."

"అదీ," అన్నాడు.

కారు వచ్చినాక ఆ ఖాకీ సంచిని విప్పదీసి గుండ్రంగా మళ్ళీ కుట్టి తెచ్చినాడు. "స్టెపినీకి తొడుగుదాం. గుడ్డ బలే గట్టిది, దండగ ఎందుకు," అన్నాడు. డిక్కీ తెరిచినప్పుడల్లా కంబళి లోపల పెట్టి కుట్టిన ఆ తొడుగే మొదట కనిపించేది. మాకెవరికీ తోలడం రాక పెట్టుకున్న డ్రైవరు, టైరుకు కంబళి ఎందుకని ఒకసారి అడిగినాడు. చలి అన్నాను.

పెండ్లికి కారులో పోయినాను. ముందు సీట్లో కూర్చున్నాను. పందిరి దగ్గర ఒకడు పరుగెత్తుకొచ్చి తలుపు తీసి "రాండి మామా" అన్నాడు. పోయిన ఏడు డ్రైవర్ల పంక్తి చూపించినవాడే. భోజనాలయి బయటికి వచ్చేసరికి పిల్లకాయలు అన్ని బండ్లతోపాటు మా కారు ముందర కూడా పార్టీ జెండా కట్టినారు. విప్పేయండి అనొచ్చు. అనలేదు. ప్రొద్దుటూరు పొలిమేర దాకా ఆ జెండా కొట్టుకుంటూనే ఉంది, నేను దాన్నే చూస్తూ వచ్చినాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, బాగుండింది.

తర్వాతి అమావాస్యకు ముగ్గురం బయల్దేరినాము, ఒక చిన్న బైనాక్యులర్సు పెట్టుకొని. జమ్మలమడుగు దాటి గండికోట దావలో ఒక ఊరి మొదట్లో, ఇంకా పొద్దు ఉండగానే, నలుగురు అడ్డం నిలబడినారు. తిట్టలేదు, కొట్టలేదు. ఒకాయన కారు నంబరు చూసి, బానెట్టు చూసి, లోపలికి వంగినాడు.

"ఈ బండి పులివెందుల పక్క పెండ్లిలో ఉండె గదా. యాడికి?"

"నక్షత్రాలు సూసేదానికప్పా," అన్నాడు సామి.

"నక్షత్రాలా." ఆయన మా మొహాలు ఒక్కొక్కటే చూసినాడు. "మీ పక్క గూడా ఉంటాయి కదన్నా అవి. ఆడనే సూసుకోండి."

తిప్పుకొని వచ్చినాము. వెనక సీట్లోంచి మామ, "మనుషులకే అనుకుంటి, ఆకాశానికి గూడా పార్టీ ఉండాదే," అని నవ్వినాడు. సామి నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

దుర్భిణి ఉండేవాణ్ణి ఏ పార్టీ అని ఎవరూ అడగరు. కారు ఉండేవాణ్ణి అడక్కుండానే ఒక పక్కకు రాసేస్తారు. అటుపక్క ఊర్లకు మా బండి పోలేదు. ఇటుపక్కవాళ్ళు ఎన్నికలొచ్చినప్పుడల్లా మన బండే కదా అని తోలుకొని పోయేవాళ్ళు, డొక్కు చేసి తెచ్చి నిలబెట్టేవాళ్ళు. చీకటి కోసం కొన్న కారు ఒక్క చీకటికీ పోలేదు. రిపేర్లకు పెట్టి పెట్టి దుర్భిణి దుడ్లు ఎన్నిసార్లు కూడినా కరిగిపోయినాయి. నేను గ్రంథాలయం మెట్ల మీద కూర్చోవడం మానేసినాను. ఎవడన్నా "ఏమప్పా, చంద్రుని మీద గుంటలు ఎట్లుండాయి?" అంటే ఏం చెప్పాలి?

చివరికి ఆ బండిని ఇనుప సామాన్లవానికి అమ్మి, మిగిలింది వేసుకొని టెలిస్కోపు తెప్పించినాము. అప్పటికి సామి బదిలీ మీద పోయినాడు. మామ అంగడి ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. సామాన్లవాడు వద్దన్న స్టెపినీ తొడుగు మా ఇంట్లోనే ఉండింది. దాంట్లోనే అద్దం చుట్టుకొని, గొట్టం చేత పట్టుకొని జమ్మలమడుగు బస్సెక్కినాను.

మామ మిద్దె మీద, పొద్దు మునిగి నమాజు అయినాక, తూర్పున శని పైకొచ్చినాడు. చుట్టూ వీధి లైట్లు. అయినా వలయం స్పష్టంగానే కనిపించింది, కాకపోతే సన్నగా, గీత గీసినట్టు. అంచు తిరిగిపోయిన ఏడు అది. మామను చెయ్యి పట్టి నిలబెట్టి కన్ను ఆనించినాను. చాలాసేపు చూసినాడు. తల అటు వాల్చి ఇటు వాల్చి చూసినాడు.

"ఏందో తెల్లగుండాది," అన్నాడు. పక్కకు జరిగి, "నువ్వు సూసి చెప్పప్పా. ఉపన్యాసాలు ఇస్తావు కదా," అన్నాడు.

చూసినాను. పుస్తకంలో బొమ్మ మాదిరి వెడల్పుగా ఉందని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయనకు ఎట్లాగూ కనపడదు. కానీ ఇంకొకసారి ఆ గొంతుతో మాట్లాడటం నా చేత కాలేదు.

"గుండీలో సూది గుచ్చి నిలబెట్టినట్టు ఉంది మామా. అంతే. అప్పుడైతే వెడల్పుగా ఉండేది."

"అట్లనా," అన్నాడు. మిద్దె గోడ తడుముకొని కూర్చున్నాడు. ఏదో జ్ఞాపకం వచ్చినట్టు అడిగినాడు.

"ఆ పెండ్లిలో భోజనం బాగుండెనా?"

ఏం పెట్టినారో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించినాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ముందు వరసలో కూర్చోబెట్టినారు మామా," అన్నాను.