బేరంలో అస్తమించిన గ్రహాలు

ఒక ట్రైపాడ్ ధరను నేను మూడు వందలు తగ్గించాను. సికింద్రాబాద్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పుట్టి పెరిగినవాణ్ని; చెప్పిన ధర ఇచ్చి వస్తే మా నాన్న ఆత్మ క్షోభిస్తుంది. గంటన్నర పట్టింది. రెండుసార్లు మెట్లు దిగాను, రెండుసార్లూ వెనక్కి పిలిపించుకున్నాను. అంతటి బేరం ఆ బజారు చూసి ఉండదు. ఈలోగా గురుడూ శనీ అస్తమించారు.

ఆ సాయంత్రం కాప్రా చెరువు కట్ట మీద నాకోసం ఎదురుచూసిన యాదగిరన్న పది రోజుల కిందట కాలధర్మం చెందాడు. కబురు వచ్చేసరికి ఒక గిరాకీతో కుక్కర్ ధర మాట్లాడుతున్నాను. ఆమె అడిగిన ధరకే ఇచ్చేసి షట్టర్ దించాను.

మారేడ్‌పల్లిలో ఆయనది చిన్న ఫోటో స్టూడియో. పగలంతా పాస్‌పోర్టు ఫోటోలు; సాయంత్రమైతే గగనోపాసన. రెండు గ్రహాలు చేరువయ్యే రోజు ఆయనకు పర్వదినం. నల్లటి ఆకాశంలో రెండు చుక్కలు ఎవరైనా తీస్తారనీ, చెరువు నీళ్లలో ఎరుపు ఆరకముందే తీయాలనీ ఆయన పట్టుదల. "గ్రహాలు మనకోసం ఆగయి సేటూ. మనమే జెర ఆగాలె" అనేవాడు. స్టూడియోలో ఏడ్చే పసివాడి దగ్గరా అంతే. ఏడుపు దానంతటది తీరేదాకా స్టూలు మీద కూర్చునేవాడు.

ఓసారి శుక్రుడూ గురుడూ పక్కపక్కన వెలుగుతుంటే, కట్ట మీద మక్కకంకులు కాల్చే అమ్మ వచ్చింది.

"గంత దగ్గరకొస్తే కొట్టుకోవా అన్నా?"

"అవి దగ్గర లేవమ్మా. కోట్ల మైళ్ల దూరముంది. మనం నిలబడ్డ జాగ నుంచి గట్ల కనబడ్తున్నయ్."

"అయితే మా ఇంటాయన, నేను సుత గంతే."

నవ్వాపుకోలేక ఆయన కెమెరాను కదిలించాడు. ఆనాటి ఫోటో పాడైంది.

గురుడూ శనీ అంత సన్నిహితంగా కనిపించడం మనిషి జీవితంలో ఒక్కసారే. పాత ట్రైపాడ్ కాలు విరిగింది. అది లేనిదే మసక వెలుగులో ఫోటో నిలవదు. దుకాణం పేరు చెప్పి, డబ్బిచ్చి నన్ను పంపాడు. "ధర చూడకు, టైమ్ చూడు" అని మరీ చెప్పాడు. నేను వెళ్లేసరికి పడమర ఖాళీ. "ట్రాఫిక్ అన్నా" అన్నాను. ఆయన కొత్త ట్రైపాడ్ కాళ్లు విప్పి, కెమెరా బిగించి, ఆ శూన్యాకాశం కింద నన్నే నిలబెట్టి ఒక ఫోటో తీశాడు.

"గట్టిగుంది సేటూ, మంచిది తెచ్చినవ్" అన్నాడు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఆ మాట ఎత్తలేదు.

నిన్న పదో రోజు. వదిన నన్ను పక్కకు పిలిచింది.

"ఆ రోజు మీ అన్న కట్ట మీది నుంచి ఆ ట్రైపాడ్ దుకాణానికి ఫోన్ చేసిండు. 'మీ సేటు ఇంక బేరంలనే ఉన్నడు' అన్నరంట."

"మరి నన్నెందుకు అడగలేదు వదినా?"

"నేను గదే అడిగిన. 'వాడు పానం పెట్టి బేరం చేస్తుండు, సిగ్గుపడ్తడు, ఇడ్సిపెట్టు' అన్నడు."

అంతటి క్షమాశీలి మా బజారుకు మళ్లీ దొరకడు. అశ్రునయనాలతో, చివరి లెక్క ఇప్పుడైనా నిజాయితీగా అప్పజెబుతున్నాను, అన్నా. పోయింది నీ జీవితంలో మళ్లీ రాని ఒక సాయంత్రం. ట్రాఫిక్ అన్నది అబద్ధం. మిగిలిన మూడు వందల సంగతి నీకు చెప్పలేదు. అవి నా దగ్గరే ఉన్నాయి.