ఎండలో వదిలేసిన గ్రౌట్ క్యూబ్‌లు

2011లో నేను ఎల్బీనగర్‌లోని ఒక చిన్న మెటీరియల్ టెస్టింగ్ ల్యాబ్‌లో ఇన్‌చార్జిగా పనిచేసేదాన్ని. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. బంద్ అంటే దిల్‌సుఖ్‌నగర్ నుంచి రింగ్ రోడ్డు దాకా బండి కదిలేది కాదు.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఒక గోడౌన్ కడుతున్నారు. ఇనుప స్తంభం అడుగున ఉండే ప్లేటుకీ, కింది కాంక్రీటుకీ మధ్య సందులో పోసే సిమెంటు మిశ్రమాన్ని గ్రౌట్ అంటారు. స్తంభం బరువంతా దాని మీదే. పోసేటప్పుడే కొంత తీసి ఇనుప అచ్చుల్లో నింపుతారు, గట్టిపడ్డాక వచ్చే ఘనాకారపు దిమ్మలే క్యూబ్‌లు. ఆ క్యూబ్‌లను మా మెషిన్‌లో నొక్కి, ఎంత బరువుకు పగిలాయో చూసి గ్రౌట్ బలం చెబుతాం.

ఆ సైటు నుంచి వచ్చిన ఆరు క్యూబ్‌లూ పోసిన ఏడో రోజున ఉండాల్సిన బలంలో సగానికే పగిలిపోయాయి. రిపోర్టు ఇచ్చేశాను. మర్నాడు సైట్ ఇంజనీరు సుబ్బారావుగారు ల్యాబ్‌కు వచ్చారు. గుంటూరు వైపు మనిషి.

"పోసిందంతా కొట్టించేస్తాను మేడమ్. ఆ మేస్త్రీ యాదయ్యను కూడా పంపించేస్తున్నా. జెండా పట్టుకుని రోడ్డు మీదికి వెళ్ళే తొందర్లో నీళ్ళు ఎక్కువ కలిపేశాడు."

పగిలిన ముక్కలు ఇంకా ట్రేలోనే ఉన్నాయి. చేత్తో రుద్దితే పైపొర పొడిగా రాలుతోంది, సన్నటి నెర్రెలు కనిపిస్తున్నాయి. నీళ్ళు ఎక్కువైనా బలం తగ్గుతుంది, తడి లేక ఎండిపోయినా తగ్గుతుంది. ఏది జరిగిందో ల్యాబ్ రిజిస్టర్ చూస్తే తెలుస్తుందనుకున్నాను. శాంపిల్ ఏ స్థితిలో వచ్చిందో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. దాన్ని నింపాల్సింది నేనే.

సుబ్బారావుగారితో కలిసి సైటుకు వెళ్ళాను. యాదయ్య తాపీ, బకెట్లు మూట కట్టుకుంటున్నాడు. చౌటుప్పల్ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు, యాభై ఏళ్ళుంటాయి.

"క్యూబ్‌లు ఎక్కడ పెట్టావు యాదయ్యా?"

"గా రేకుల షెడ్డు ముంగట పెట్టిన మేడం. మీ బండి ఒస్తదన్నరు. బంద్‌ల బండి రాకపాయె. మూడు దినాలు ఎండల్నే ఉన్నయ్."

"మరి స్తంభాల దగ్గర పోసింది?"

"దానికి గోనెపట్టాలు కప్పిన. బంద్‌కు పోయినా పొద్దుమాపు ఒచ్చి నీళ్ళు కొట్టిన."

సుబ్బారావుగారికి చిరాకేసింది. "దానికి కొట్టినవాడివి వీటికెందుకు కొట్టలేదయ్యా?"

"నాకు ఎవ్వలు చెప్పిన్రు సార్? డబ్బాలల్ల పొయ్యమన్నరు, పోసిన."

నిజానికి ఆ మాట చెప్పాల్సింది సుబ్బారావుగారు, లేదా మేము.

ప్లేట్ల అంచుల బయటికి మిగిలిన గ్రౌట్‌ను నాలుగు స్తంభాల దగ్గర కోయించి, ల్యాబ్‌లో ముక్కలుగా చెక్కి పరీక్షించాను. మెషిన్ ముల్లు కావలసిన గీత దాటి పైకి వెళ్ళాకే ఒక్కో ముక్కా పగిలింది. సుబ్బారావుగారికి ఫోన్ చేసి చెప్పాను. "యాదయ్యకు నేనే చెబుతాను మేడమ్" అన్నారు. గోడౌన్ పూర్తయ్యేదాకా ఆ మేస్త్రీనే ఉంచుకున్నారు.

ఆ తర్వాత ఏ సైటుకైనా అచ్చులతో పాటు తడి గోనె కప్పమనీ, మర్నాడు అచ్చు విప్పి నీళ్ళ తొట్టిలో వేయమనీ తెలుగులో రాసిన కాగితం పంపేవాళ్ళం. శాంపిల్ స్థితి రాయకుండా ఏ క్యూబ్‌నూ మెషిన్‌లో పెట్టలేదు. మా మెషిన్ చెప్పిన అంకె తప్పు కాదు. అది ఎండలో మాడిన ఆరు క్యూబ్‌ల బలం. దాన్ని యాదయ్య చేతిపనికి కొలతగా చూపిన రిపోర్టు కింద సంతకం మాత్రం నాది.