శిక్షణలో రాసిన ఫిర్యాదు

దగ్గరికి జరిగి కూర్చోండి, చాప పెద్దదే. నా చదువు నాలుగో తరగతితో ఆగింది కానీ, ఎవరు ఏ రోజు ఏ మాటన్నారో, ఆ రోజు ఏం కూర వండానో నాకు గుర్తుంటుంది. చేవెళ్లలో పోలీసులకు శిక్షణ జరిగిన రోజు వండింది భగారా అన్నం, కోడికూర.

మీటింగులకూ పెళ్లిళ్లకూ వండడం నా పని. నాతో వంటకు వచ్చే పిల్ల ఒకతె మా ఇంటి వెనక గదిలో కిరాయికి ఉంటుంది. మగపిల్లవాడిగా పుట్టి ఆడపిల్లగా బతుకుతున్న మనిషి. వంట లేని రోజుల్లో సురంగల్ తోటల్లో బంతిపూలు కొని, మొయినాబాద్‌లో రోడ్డు పక్కన దండలు అమ్ముతుంది. శిక్షణకు పది రోజుల ముందు, పొద్దున్నే గంప దించుతుంటే ఇద్దరు బైకు మీద వచ్చి, "నువ్వు ఆడా మగా, చూపియ్" అని కొంగు పట్టి లాగారట. కాదన్నందుకు కింద పడేసి తొక్కారు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

దవాఖానలో కట్టు వేయించి నేనే స్టేషన్‌కు తీసుకుపోయాను. ఏ స్టేషనో చెప్పను, వాళ్లూ నా చేతి అన్నం తిన్నవాళ్లే. ఫిర్యాదు రాసే కానిస్టేబుల్ కాగితం తీసి, కలం ఎత్తి, ఆడా మగా అని రాసే గడి దగ్గర ఆగిపోయాడు.

"అవ్వా, గీ ఖానాల ఏం రాయాలె? ఆడ అంటే సార్ తిడ్తడు, మగ అంటే గీమె తిడ్తది. జర పెద్దోళ్లను అడిగి చెప్త, రేపు రాండ్రి."

మర్నాడు వెళ్లాం. ఆ మర్నాడూ వెళ్లాం. ఖానా తేలలేదు. ఖానా తేలేదాకా చెయ్యి విరగనట్టే.

అంతలో చేవెళ్ల ఫంక్షన్ హాల్లో ఆ శిక్షణకు వంట కుదిరింది. ఇలాంటి మనుషులను ద్వేషంతో కొడితే పోలీసులు ఎలా నడుచుకోవాలో నేర్పడానికి పట్నం నుంచి ఒక మేడమ్ వచ్చింది. ముందు వరుసలో మా కానిస్టేబులే, కొత్త నోటుబుక్కుతో.

"ఆమె తనను ఏమని చెప్పుకుంటే అదే రాయండి. అది తేలలేదని ఫిర్యాదు ఆపకండి" అని మేడమ్ చెప్పింది. అతను ఆ మాట రాసుకుని కింద గీత కూడా గీశాడు.

తరువాత ప్రాక్టీసు. దెబ్బలు తిన్న మనిషి వేషానికి ఒక మీసాల కానిస్టేబుల్ భుజాన తువ్వాలు కప్పుకుని, "అయ్యో సారూ, నన్ను కొట్టిండ్రు" అని మూతి తిప్పాడు. హాలంతా నవ్వింది. మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడ్డ మా పిల్ల నవ్వలేదు.

"అన్నా, దెబ్బలు తిన్నంక గట్ల మూతి తిప్పబుద్ధి కాదు. నొస్తది" అంది.

మేడమ్ ఆమె చేతికట్టు చూసి, "మీరు చేసి చూపిస్తారా?" అని అడిగింది. ఆమె కుర్చీలో కూర్చుంది. రాయడానికి మా కానిస్టేబుల్‌నే లేపారు. ఆమెను చూసి అతను మళ్లీ కూర్చోబోయాడు. కానీ అందరూ చూస్తున్నారాయె.

"కూసోండమ్మా. నీళ్లు తాగుతరా? మిమ్మల్ని ఏమని రాయమంటరు?"

పది రోజులుగా దాచుకున్న మర్యాదంతా ఒక్కసారే బయటికి తీశాడు. ఆమె గంప దించిన దగ్గర్నుంచి కట్టు దాకా చెప్పింది. అతను ఒకటిన్నర పేజీ ముత్యాల్లా రాశాడు. ఆమె సంతకం చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"దీన్ని నమూనాగా ఫైల్లో పెట్టుకుందాం" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను గరిటెతోనే లోపలికి వెళ్లాను. "నమూనా ఎట్లయితది సార్? ఆ చెయ్యి నమూనాకు ఇరగలే."

"ఇది ప్రాక్టీసు అవ్వా. అసలుది రేపు స్టేషన్ల ఇయ్యుండ్రి."

"ఆ రేపు చూసే వచ్చినం సార్. జరిగింది నిజం, సంతకం ఆమెది, రాత మీవోనిది. ఇంక తక్కువేమున్నది?"

మేడమ్ కానిస్టేబుల్ వైపు తిరిగింది. "మీ దగ్గరికి ముందే వచ్చారా?"

"ఖానా తేలక మేడమ్..." అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను వెనక్కి వచ్చి భగారా గిన్నె మీద మూత పెట్టాను. అప్పటికి అన్నాల వేళయింది. ఇన్‌స్పెక్టర్ మూత వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. "కేసు కట్టు. ఆమెకు రసీదు రాసియ్యి" అన్నాడు. స్టాంపు స్టేషన్‌లో ఉందట. మీసాలాయన తువ్వాలు మరిచిపోయి అలాగే బైకెక్కి వెళ్లి తెచ్చాడు. స్టాంపు పడ్డాక మూత తీశాను.

బైకు వాళ్లిద్దరూ వారంలో దొరికారు. నవ్వులాటకు చేశామన్నారట. ఇప్పుడు కోర్టుకు తిరుగుతున్నారు. బాగా రాసినందుకు మా కానిస్టేబుల్‌కు ఆ రోజే శాలువా కప్పారు. ఇప్పుడతను మొయినాబాద్ మీదుగా పోతూ పోతూ, "అక్కా, పూలెట్ల?" అని ఆగుతాడు.

"ఏ ఖానాల రాస్తవన్నా, మూరనా, రెండు మూరలా?" అంటుంది మా పిల్ల, రెండు చేతులతో దండ కొలుస్తూ.

ఇంతసేపు విన్నారు కదా, మీ ఇంటి పొయ్యి రోజూ వెలగాలి. మీ గడప దాటిన వాళ్లంతా రెండు చేతులూ బాగుండి తిరిగి రావాలి. ఎప్పుడైనా మీ వాళ్లు దెబ్బ తింటే, వాళ్ల మాట మొదటి రోజే రాసుకునే మనిషి దొరకాలి.